సోమరితనం కాదు, మూత్రపిండాల జబ్బు!

విధి నిర్వహణలో అలసత్వం చూపినాడన్న ఆరోపణపై మా సహచరుడొకరికి చార్జిమెమో ఇచ్చినారు. ఆయన ఆర్.ఎం.ఎస్.లో సార్టింగ్ అసిస్టెంటు. 22 ఏళ్ళ సర్వీసులో మచ్చ లేనివాడు. ఉత్తరాలను తప్పు సంచిలో వేసినాడట, రాత్రి సెట్టులో కునికినాడట! జవాబు వ్రాయించుకొనుటకు ఆయన యూనియన్ కార్యాలయానికి వచ్చినపుడు మేము మెమో కంటె ముందు ఆయన కాళ్ళు చూచినాము. చీలమండ వద్ద వేలితో నొక్కితే పడిన గుంట ఎంతసేపటికీ పూడలేదు. జవాబు సంగతి తరువాత, ముందు ఆసుపత్రికి పదమన్నాము. రక్తంలో క్రియాటినిన్ 9 దాటి ఉన్నది. ఆరోగ్యవంతునిలో అది సుమారు 1.2 మించదు.

ఇంత ఆలస్యానికి బాధ్యులెవరు? అధికారులనే కాదు, ఈ ప్రశ్న మమ్ము మేమూ వేసుకొన్నాము. ఏడాదిగా ఆయన దేహం మొరపెట్టుకొంటూనే ఉన్నది. పాదాలు వాస్తే నిలబడి పనిచేయుట వలననన్నారు. ఒళ్ళంతా దురద పుడితే సంచుల దుమ్మన్నారు. అన్నం సహించక, తెల్లవారేసరికి వికారం పుట్టి, నోట ఇనుము చప్పరించినట్లుంటే నైట్ డ్యూటీ గ్యాసన్నారు. రాత్రి నాలుగుసార్లు మూత్రానికి లేస్తే వయసన్నారు. పిక్కలు పట్టినా, మెట్లెక్కితే ఆయాసం వచ్చినా మళ్ళీ వయసే! ఆయన్ని అలా ఓదార్చినవారిలో మేమూ ఉన్నాము.

ఈ లక్షణాలలో ఏ ఒక్కదానికైనా వేరే కారణం ఉండవచ్చు. రెండు మూడు కలిసి, వారాల తరబడి వదలకుంటే మాత్రం అనుమానించి తీరవలెను. ఎర్రరక్తకణాల తయారీకి కావలసిన హార్మోనును ఉత్పత్తి చేసేది ప్రధానంగా మూత్రపిండాలే. అవి చెడితే రక్తం తగ్గుతుంది, మనిషి పాలిపోతాడు, నాలుగడుగులకే నీరసిస్తాడు. బయటికి పోవలసిన మలినాలు రక్తంలోనే నిలిచి మగతను, పరాకును కలిగిస్తాయి. కార్యాలయ పరిభాషలో దీనికే అలసత్వమని పేరు!

పడుకొంటే ఊపిరాడకపోవుట, మూత్రం బాగా తగ్గిపోవుట, మాట తడబడి మతి తప్పుట కనిపిస్తే సెలవు మంజూరయ్యేదాకా ఆగరాదు. ఆ గంటలోనే ఆసుపత్రికి చేర్చవలెను.

లక్షణాలు కనిపించేసరికి జబ్బు చాలా ముదిరి ఉంటుందన్నది ఇంతకంటె ఘోరమైన నిజం. తొలి దశలలో సాధారణంగా నొప్పి ఉండదు, వాపు ఉండదు. మూత్రంలో ఆగని నురగ కొందరికి ఒక గుర్తు. నిజం చెప్పేవి పరీక్షలే: మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్, దాని నుండి లెక్కగట్టే వడపోత శక్తి. ఆ శక్తి 3 నెలలకు పైగా 60కి తక్కువ ఉంటే దీర్ఘకాలిక వ్యాధి. 30కి దిగితే తీవ్రస్థితి. 15కి దిగితే మూత్రపిండాలు విఫలమైనట్లే. ఈ పరీక్షలకు పెద్ద యంత్రాంగమేమీ అక్కరలేదు. మరి ఎందుకు చేయించరు?

మండుటెండలో పట్టాల మీద పనిచేసే ట్రాక్‌మన్‌కు చల్లని నీరు, నీడ కల్పించుట దయాధర్మమా? మరుగుదొడ్డి లేని ఇంజనులో డ్యూటీ ఎక్కే లోకో పైలట్లు, ముఖ్యంగా స్త్రీలు, నీరు త్రాగుటకే జంకుతున్నారు. నడుము నొప్పికి డిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలను మిఠాయివలె మ్రింగుట మనలోని దురలవాటు. మూత్రపిండాలకు అవి చేసే చేటు గురించి ఇదివరకే గట్టిగా చెప్పనందుకు మమ్మే నిందించుకొంటున్నాము.

హౌరా–చెన్నై మార్గంలో పలాస, సోంపేట, ఇచ్ఛాపురం స్టేషన్లు ఎరుగనివారు మనలో తక్కువ. ఆ ఉద్దానం పల్లెలను మూత్రపిండాల వ్యాధి దశాబ్దాలుగా పీడిస్తున్నది. అక్కడ మూలకారణం నిర్ధారణ కాలేదన్న మాట పరిశోధకునికి చెల్లుతుంది, పరీక్షలు వాయిదా వేసే యంత్రాంగానికి చెల్లదు. మధుమేహం, రక్తపోటు ఉన్న ప్రతి ఉద్యోగికి వెంటనే, 40 ఏళ్ళు దాటిన అందరికీ ఏటేటా ఈ పరీక్షలు జరిపించవలెనని డిమాండ్ చేస్తున్నాము. గ్రామీణ డాక్ సేవకులను, కాంట్రాక్టు కార్మికులను మినహాయిస్తే అంగీకరించము.

మా సహచరుడు ఇప్పుడు వారానికి మూడుసార్లు, ఒక్కొక్కసారి నాలుగేసి గంటలు డయాలిసిస్ యంత్రం ప్రక్కన పడుకొంటున్నాడు. మెమోకు గడువులోగానే జవాబు దాఖలు చేసినాము. రక్తపరీక్ష నివేదిక నకలు దానికి జతపరచినాము.