ఒక పేరు, ఒకే డేటాబేస్: యజమాని గారికి సిబ్బంది వినతిపత్రం

అఫ్జల్‌గంజ్, హైదరాబాద్



మన హోల్‌సేల్ కిరాణా కొట్టులో బిల్లింగ్ కౌంటర్లు, లెక్కల గది, గోదాముల్లో కంప్యూటర్ల మీద పనిచేసే మేమందరం కలిసి చేసుకుంటున్న విన్నపం.

పోయిన నెల సర్వర్ మార్చిన రోజు బిల్లులు తారుమారు కావడానికి మూడో కౌంటర్ గుమస్తా అజాగ్రత్తే కారణమని మీకు చెప్పారు. తేడా వచ్చిన సొమ్ము అతని జీతంలో పట్టారు. ఆ రోజు అక్కడే ఉన్నవాళ్లం కాబట్టి అసలేం జరిగిందో మీ ముందు పెడుతున్నాం.

మనకున్న పదకొండు కంప్యూటర్లలోనూ టీఎన్‌ఎస్‌నేమ్స్ డాట్ ఓరా అనే చిన్న ఫైలు ఉంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ‘మెయిన్’ అని పిలిస్తే, ఆ ఒరాకిల్ డేటాబేస్ ఏ యంత్రంలో ఉందో, ఏ పోర్టులో దొరుకుతుందో చెప్పేది అదే. ఆ ఉదయం సర్వర్ చిరునామా మారింది. బాగుచేయడానికి వచ్చినాయన ఒక్కో కంప్యూటర్ దగ్గర కూర్చుని చేత్తో దిద్దుకుంటూ పోయారు. రెండో కౌంటర్లో ఒక బ్రాకెట్ చెరిగిపోయి, తెర మీద ఓరా-12154 అని పడింది. అడిగిన పేరుకు చిరునామా దొరకలేదని దాని అర్థం. గోదాములో నోట్‌ప్యాడ్ ఆ ఫైలు పేరు చివర డాట్ టీఎక్స్‌టీ తగిలించింది. విండోస్ ఆ తోకను దాచేస్తుంది గనుక, ఫైలు కళ్లెదుట ఉన్నా సాఫ్ట్‌వేర్‌కు దొరకలేదు. బయట ఆటో ట్రాలీలు వరుస కట్టాయి, హమాలీలు మిరప బస్తాల మీదే కూర్చుండిపోయారు. అయినా ఇవి కంటికి కనిపించిన తప్పులు, గంటలో సర్దుకున్నాయి.

మూడో కౌంటర్లో తప్పు కనిపించనే లేదు. కంప్యూటర్‌ను డేటాబేస్‌తో కలిపే ఒరాకిల్ ప్రోగ్రాం (క్లయింట్) అక్కడ పాతది, కొత్తది రెండూ ఉన్నాయి, దేని ఫైలు దానికుంది. వచ్చినాయన ఒకదాన్ని దిద్దారు, సాఫ్ట్‌వేర్ రెండోదాన్ని చదివింది. పాత సర్వర్‌ను ఇంకా ఆపలేదు కాబట్టి ఏ ఎర్రర్ రాలేదు. గుమస్తా రోజూలాగే ‘మెయిన్’ తెరిచి పొద్దంతా బిల్లులు కొట్టాడు, అవన్నీ పాత సర్వర్‌లోకి వెళ్లాయి. జీఎస్టీ నిబంధనల ప్రకారం ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక బిల్లు నంబరు రెండోసారి రాకూడదు. ఆ రోజు రెండు సర్వర్లూ విడివిడిగా నంబర్లు వేయడంతో మన దగ్గర ఒకే నంబరుతో రెండేసి బిల్లులు తయారయ్యాయి. తెర మీద పేరు సరిగ్గానే ఉన్నప్పుడు, ఆ పేరు వెనక వేరే సర్వర్ ఉందని అతనికెలా తెలుస్తుంది?

ఈ చిక్కు పెద్దవాళ్లకూ వచ్చింది. ఇంటర్నెట్ తొలినాళ్లలో యంత్రాల పేర్లన్నీ ఒక ఫైలులో ఉంచి, ఎవరికి వారు కాపీ తెచ్చుకునేవారు. యంత్రాలు పెరిగేసరికి ఆ పద్ధతి నిలవలేదు. 1983లో పాల్ మొకపెట్రిస్, యంత్రం పేరు అడిగితే చిరునామా చెప్పే డీఎన్‌ఎస్ వ్యవస్థను రూపొందించారు. అంతదూరం ఎందుకు, 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం మన అఫ్జల్‌గంజ్‌లోనే ఉంది. అక్కడ పుస్తకం బీరువా మారితే కేటలాగులో దిద్దుకుంటారు గానీ పాఠకుల ఇళ్లకు వెళ్లి వాళ్ల చీటీలు దిద్దరు కదా.

కాబట్టి మేం కోరేది: పేర్ల ఫైలుకు అసలు ప్రతి ఒక్కటే, సర్వర్ మీద ఉండాలి. దాన్ని మార్చే అధికారం మీరు రాతపూర్వకంగా నియమించిన ఒక్కరికే ఉండాలి. నేరుగా సర్వర్ ఫోల్డర్ నుంచే అందరం చదువుకుంటే సరిపోతుందని మాలో కొందరన్నారు. కానీ ఆ ఫోల్డర్ తెరుచుకోని రోజున పదకొండూ ఆగిపోతాయి. అందుకని ప్రతి కంప్యూటర్ ఉదయం ఆన్ కాగానే ఆ ఫైలును తనంతట తానే కాపీ చేసుకోవాలి. క్లయింట్ ఏదైనా ఆ ఒక్క కాపీనే చదివేలా టీఎన్‌ఎస్ అడ్మిన్ అనే సెట్టింగును అన్నిచోట్లా పెట్టించాలి. మిగతా పాత ఫైళ్లను తీసేయించాలి. ఫైలులో అంకెల చిరునామా కాకుండా సర్వర్ పేరు రాయిస్తే, రేపు యంత్రం మారినా దిద్దాల్సింది ఒక్క చోటే.

ఇప్పుడు ఒకే డేటాబేస్‌ను ఒకచోట ‘మెయిన్’ అని, ఇంకోచోట ‘లైవ్’ అని, గోదాములో ‘న్యూ2’ అని పిలుస్తున్నాం. పేరు చూస్తే అది ఏ పనికో, అసలుదో పరీక్షదో తెలియాలి. పరీక్ష డేటాబేస్ తెరిస్తే తెర రంగు కూడా వేరుగా ఉండాలి. సర్వర్ మార్చిన రోజు, కొత్తది సరిచూసుకున్న వెంటనే పాతదాన్ని నెట్‌వర్క్ నుంచి తీసేయించాలి. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో రాసే రిజిస్టర్ లెక్కల గదిలో ఉంచాలి.

వీటన్నిటికన్నా ముందు, మూడో కౌంటర్ గుమస్తా జీతంలో పట్టిన సొమ్ము తిరిగి ఇప్పించండి. ఇకపై ఇలాంటిది జరిగితే కోత వేసేముందు ఆ కంప్యూటర్ ఏ సర్వర్‌ను చూస్తోందో పరిశీలించాలి.

ఏప్రిల్ 1న కొత్త సంవత్సరం లెక్కలు తెరుస్తాం, డేటాబేస్ పేర్లు మళ్లీ మారతాయి. మార్చి 31లోపు ఈ పని పూర్తి చేయించగలరని ప్రార్థిస్తున్నాం. అందుకు ఒక ఆదివారం జీతం అడక్కుండా వచ్చి పనిచేయడానికి మేం సిద్ధం.

ఇట్లు,
మీ బిల్లింగ్, లెక్కలు, గోదాము సిబ్బంది