మూడో గరిటె చట్నీ

హైదరాబాద్‌లో పీజీ హాస్టల్లో ఉండేవాళ్లని ఎవరినైనా అడగండి. మేనేజర్ మీద, ట్రాఫిక్ మీద, హాస్టల్ పప్పు మీద బోలెడన్ని కంప్లైంట్లు చెబుతారు. వీధి చివర టిఫిన్ సెంటర్ మాటెత్తితే మాత్రం మొహం వెలిగిపోతుంది.

నాకూ కొండాపూర్‌లో అలాంటిదొకటి ఉంది. నిలబడి తినడానికి రెండు స్టీలు టేబుళ్లు, ఒక పెనం, ఒక పెద్ద ఇడ్లీ పాత్ర, గోడకి క్యూఆర్ కోడ్. అంతే హోటల్. ప్లేటుకి నాలుగు ఇడ్లీలు, 40 రూపాయలు. పల్లీ చట్నీ, అల్లం చట్నీ, సాంబారు, కారప్పొడి. చట్నీ ఎన్నిసార్లు అడిగినా వేస్తారు.

ఒక్క రోజు మాత్రం వెయ్యలేదు.

అప్పుడు టైమ్ 9.40. పదింటికి మీటింగ్. రెండు ఇడ్లీలు మిగిలి ఉండగా మూడోసారి ప్లేటు చాచాను. "పల్లీ చట్నీ అయిపోయింది తమ్ముడూ, సాంబారు వేసుకో" అంది అక్క, నా వైపు చూడకుండానే. చట్నీ లేకపోవడం కన్నా ఆ చూడకపోవడమే నాకు కాలింది. ఆఫీసులో లిఫ్ట్ కోసం నిలబడ్డ రెండు నిమిషాల్లో గూగుల్ మ్యాప్స్ తెరిచి ఒక్క స్టార్ కొట్టాను. "చట్నీ అడిగితే లేదంటారు. కస్టమర్ అంటే లెక్క లేదు" అని రాశాను. లిఫ్ట్ వచ్చింది, ఎక్కాను, మర్చిపోయాను. మర్నాడు పొద్దున మళ్లీ అక్కడే నిలబడి, సిగ్గు లేకుండా నాలుగుసార్లు చట్నీ వేయించుకున్నాను.

రెండు వారాల తర్వాత ఒక ఆదివారం. అక్క కూతురు ఇంటర్ సెకండియర్. సెలవు రోజుల్లో పార్సిళ్లు కడుతుంది. "అన్నా, మీరు సాఫ్ట్‌వేరే కదా? మ్యాప్స్‌లో ఎవరో రాసింది తీయించాలంటే ఎట్లా?" అంటూ ఫోన్ నా ముందు పెట్టింది.

చూస్తే, నేను రాసిందే!

నా అకౌంట్‌కి కాలేజీ రోజుల్లో గేమ్స్ కోసం పెట్టుకున్న పిచ్చి పేరు ఉంది. ఫొటో లేదు. ఆ అమ్మాయికి తెలిసే చాన్సే లేదు. నోట్లో పెసరట్టు ముక్క అక్కడే ఆగిపోయింది.

మనసులో లెక్క వేశాను. ముందు ఉన్న రివ్యూలు ఏడు, అన్నీ కలిపి 31 స్టార్లు, సగటు 4.4. నాది ఎనిమిదోది. 32ని 8తో భాగిస్తే సరిగ్గా 4. వేల రివ్యూలున్న పెద్ద రెస్టారెంట్‌కి నా స్టార్ దోమ కుట్టినంత. ఏడు రివ్యూలున్న బండికి చెంపదెబ్బ.

"దగ్గర్లో ఒక ఆఫీసు వాళ్లు శనివారాలు అరవై ప్లేట్లు కావాలన్నారన్నా. తర్వాత ఫోన్‌లో చూసి, ఆలోచించి చెప్తామన్నారు" అంది. నిజంగా రేటింగ్ చూసే ఆగారో, ఇంకేదైనా కారణముందో నాకు తెలీదు. ఆ అమ్మాయి మాత్రం దాని వల్లే అనుకుంటోంది.

"అసలు ఆ రోజు ఏమైంది?" అని అడిగాను. రెండు వారాలు లేటుగా.

మిక్సీ మోటార్ కాలిపోయిందట. పిండి రాత్రే గ్రైండర్‌లో రుబ్బి పెట్టుకుంటారు కాబట్టి ఇడ్లీకి ఇబ్బంది రాలేదు. చట్నీ మాత్రం అక్క పక్కింటి వాళ్ల మిక్సీలో కొంచెం కొంచెంగా వేసుకొచ్చింది. ముందురోజే చేసి పెట్టుకోవచ్చుగా అంటారేమో. కొబ్బరి పడిన చట్నీ బయట ఉంటే తొందరగా పాడవుతుంది. ఏ పూటకి ఆ పూట రుబ్బాల్సిందే.

పైగా చట్నీ లెక్క వేరు. గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల రవ్వ కలిపి రాత్రంతా ఉంచితే, తెల్లారేసరికి పిండి గిన్నె అంచుదాకా పొంగుతుంది. పల్లీ పొంగదు. ఎన్ని వేయిస్తే అంతే చట్నీ. మనం డబ్బులిచ్చేది పొంగే ఇడ్లీకి, ఫ్రీగా అడిగేది పొంగని పల్లీని. అదే మనం వీకెండ్ కేఫ్‌కి వెళ్తే, అగ్గిపెట్టంత గిన్నెలో చట్నీ ఇచ్చినా నోరెత్తం. పైన 5 శాతం జీఎస్టీ కట్టి, ఫొటో తీసి స్టోరీ పెడతాం.

ఆ అమ్మాయికి ఉన్నమాట చెప్పాను. నచ్చలేదని ఓనర్ రివ్యూ తీసెయ్యలేరు. రూల్స్‌కి విరుద్ధంగా ఉంటే గూగుల్‌కి రిపోర్ట్ చెయ్యొచ్చు, లేదా కింద జవాబు రాయొచ్చు. రాసినవాళ్లు మాత్రం ఎప్పుడైనా తీసేసుకోవచ్చు. ఈ చివరి మాట చెప్తున్నప్పుడు నా గొంతు నాకే వినిపించలేదు.

ఇంటికెళ్లి డిలీట్ చేశాను. కథ అక్కడితో అయిపోయేదే. కానీ మర్నాడు ఆ అమ్మాయి "అన్న తీయించేశాడమ్మా!" అని అక్కకి చెప్పడం, అక్క నా ప్లేట్లో అడక్కుండానే ఒక గారె వెయ్యడం! ఆ గారె తినలేకపోయాను. రష్ తగ్గేదాకా ఆగి చెప్పేశాను. "అక్కా, అది రాసింది నేనే."

అక్క పెనం మీద నీళ్లు చల్లి, చీపురుతో తుడిచి, అప్పుడు నా వైపు చూసింది. "చట్నీ లేదన్నమాట నిజమే కదా తమ్ముడూ. అబద్ధం రాయలేదు నువ్వు. నా మొహం మీద ఒక్క మాట అనుంటే, పక్కింట్లో ఇంకో వాయి వేసి తెచ్చేదాన్నిగా."

తిట్టుంటే బాగుండేది.

ఆ రాత్రి మళ్లీ రివ్యూ రాశాను, ఈసారి నా సొంత పేరుతో. నాలుగు స్టార్లు. అల్లం చట్నీలో బెల్లం నాకు ఇప్పటికీ ఎక్కువే అనిపిస్తుంది, అదీ రాశాను. "ఇడ్లీ దూదిలా ఉంటుంది. పల్లీ చట్నీ కావాలంటే తొమ్మిదిలోపు వెళ్లండి. అయిపోతే ఎందుకని అడగండి, చెప్తారు."

అరవై ప్లేట్ల ఆర్డర్ ఇంకా రాలేదు. నేను మా ఆఫీసులో అడుగుతున్నాను.

మీరు కూడా రేపు పొద్దున ఎక్కడైనా కోపం వస్తే, ఫోన్ తీసేముందు ఒక్కసారి కౌంటర్ దగ్గరికి వెళ్లండి. అక్కడ సమాధానం చెప్పడానికి మనిషి ఉంటారు.