జేబులో పాటలపెట్టె

"సెల్‌ఫోనులో పాటలు రావా? మళ్ళీ ఇదొకటి దేనికి?" ఎంపీ3 ప్లేయర్ కొంటానన్న ప్రతి విద్యార్థికీ ఎదురయ్యే ప్రశ్న ఇది. ప్రశ్న న్యాయమైనదే. ఇంటినుంచి వచ్చే డబ్బులో ప్రతి రూపాయికీ లెక్క చెప్పవలసిన మాబోటి రైతుబిడ్డలు దీనికి జవాబు ఆలోచించుకునే కొనాలి. నా జవాబు ఇక్కడ మనవి చేస్తాను.

మన పూర్వ విద్యార్థులలో చాలామందికి 1979లో సోనీ కంపెనీ తెచ్చిన వాక్‌మన్ గుర్తుండే ఉంటుంది. పాట గదిని వదిలి మనిషి వెంట నడవడం దానితో ఊపందుకుంది. 1998లో దక్షిణ కొరియానుంచి ఎంపీమాన్ వచ్చింది. దాని జ్ఞాపకశక్తి 32 మెగాబైట్లు, అంటే పట్టుమని పది పాటలైనా పట్టవు. 2001లో ఆపిల్ కంపెనీ ఐపాడ్ తెచ్చి వెయ్యి పాటలు జేబులో పెట్టింది. అదే కంపెనీ 2022లో ఐపాడ్ తయారీ మానేసింది. అంతటితో ఈ వస్తువుకి కాలం చెల్లిందని చాలామంది తీర్మానించేశారు. నేను ఒప్పుకోను. చిన్న ప్లేయర్లు ఇంకా తయారవుతూనే ఉన్నాయి, వాటితో పనీ ఉంది.

నెలనెలా చందా కట్టి యాప్‌లో వినే పాట కౌలు భూమి లాంటిది. కౌలు కట్టినన్నాళ్ళే మనది. చందా ఆపిన మర్నాడు గట్టుమీద నిలబడి చూడవలసిందే. యాప్ వారికీ పాట హక్కుదారులకీ ఒప్పందం తీరిపోతే, కౌలు కడుతున్నా పాట మాయమవుతుంది. డబ్బిచ్చి కొని దించుకున్న పాట, ఇంట్లో ఉన్న సీడీనుంచో క్యాసెట్‌నుంచో ఎక్కించుకున్న పాట మాత్రం పట్టా భూమి. మా పొలం దగ్గర సిగ్నల్ అందదు. అయినా నీళ్ళు కట్టేటప్పుడు మా నాన్న వినే పాత నాటక పద్యాలకి ఏ లోటూ రాదు.

రెండోది చదువు సంగతి. హాస్టల్లో ఒక్క పాట విందామని ఫోను తీస్తే ఏమవుతుందో మనందరికీ తెలుసు. మెసేజి, దాని వెనక వీడియో, ఆ వెనక క్రికెట్ స్కోరు. పాట అయిపోతుంది, గంట కూడా అయిపోతుంది, పుస్తకం మాత్రం తెరిచిన పేజీలోనే ఉంటుంది. ప్లేయర్‌కి పాట తప్ప మరో విద్య రాదు. అదే దాని గొప్ప!

ఇక ఎంపిక. సంతలో ఎద్దును కొనేవాడు కొమ్ములకి వేసిన రంగు చూడడు, పళ్ళు చూస్తాడు. ఇక్కడా అంతే. సీడీలో సెకనుకి 44,100 సార్లు శబ్దాన్ని కొలిచి రాస్తారు. అందులో సగం, అంటే 22,050 హెర్ట్జ్ దాకా ఉన్న ధ్వనులు అందులో పడతాయి. మనిషి చెవికి మహా అయితే 20,000 హెర్ట్జ్ దాకా వినిపిస్తుంది. కాబట్టి 192 కిలోహెర్ట్జ్ అని పెట్టె మీద పెద్దక్షరాలతో అచ్చువేసినంత మాత్రాన వినేవాడికి ఒరిగేదేమీ లేదు.

నాలుగు నిమిషాల పాట సీడీలో దాదాపు 42 మెగాబైట్లు. బోరు మోటారు పక్కన నిలబడితే కీచురాయి వినపడనట్టే, పెద్ద శబ్దం చాటున చిన్న శబ్దం చెవికి అందదు. అలా అందనిదాన్ని వదిలేసి పాటను కుదించడమే ఎంపీ3 కిటుకు. 320 కిలోబిట్ల నాణ్యతలో అదే పాట పది మెగాబైట్ల లోపే. అంటే 32 గిగాబైట్ల కార్డులో మూడువేల పైచిలుకు పాటలు పడతాయి. ఒక్క పిసరు కూడా పోకూడదనుకునేవారికి ఫ్లాక్ పద్ధతి ఉంది, కాకపోతే చోటు ఎక్కువ పడుతుంది.

కనుక చూడవలసినవి ఇవి: కార్డు పెట్టుకునే చోటు, మామూలు ఇయర్‌ఫోను రంధ్రం, చీకట్లో తడిమినా తెలిసే బటన్లు, ఒక రోజంతా నిలిచే బ్యాటరీ. మిగిలిన డబ్బు మంచి ఇయర్‌ఫోను మీద పెట్టండి. ప్లేయర్ ఎంత ఖరీదైనదైనా చెవికి చేరేది దానిలోంచే గదా!

వాడకంలోనూ హద్దుండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెల్స్ శబ్దం వారానికి 40 గంటలు వినవచ్చు. ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ గడువు సగమవుతుంది. 89కి చేరితే వారం మొత్తానికి ఐదు గంటలే. బస్సు రొదను గెలవాలని శబ్దం పెంచేవారు ఈ లెక్క గుర్తుంచుకోవాలి. లోపలిచెవిలోని సూక్ష్మకణాలు చస్తే మళ్ళీ మొలవవు. రోడ్డు దాటేటప్పుడూ, ట్రాక్టరు మీదా చెవులు ఖాళీగా ఉంచుకోవాలని వేరే చెప్పనక్కర్లేదు.

చివరిగా ఒక మాట. మా నాయనమ్మ పాడే నాట్ల పాటలు ఏ యాప్‌లోనూ లేవు. మా ఊళ్ళో వెద పద్ధతి వచ్చాక నాట్ల కూలీల వరసా తగ్గింది, ఆ వరసలో సాగే పాటా తగ్గింది. ఆవిడ పాడినవి పదకొండు పాటలు నా ప్లేయర్‌లో ఉన్నాయి, వాటి నకళ్ళు కంప్యూటర్‌లోనూ దాచాను. అంగట్లో దొరికే పాట ఎప్పుడైనా కొనుక్కోవచ్చు, ఇవి ఆ గొంతుతోటే పోతాయి. చాలా ప్లేయర్లలో రికార్డు చేసే సౌకర్యం ఉంటుంది. లేకుంటే ఫోనుతోనే చేసి ఇందులోకి ఎక్కించుకోవచ్చు.

మిత్రులారా! సంక్రాంతి సెలవులకి ఊరెళ్ళినప్పుడు మీ అమ్మమ్మనో నాయనమ్మనో పక్కన కూర్చోబెట్టుకుని ఒక్క పాట పాడించుకోండి. ఎవరు పాడారో, ఏ ఊరో, ఏ పనిలో పాడేవారో ఆ పాటకి పేరుగా రాసిపెట్టండి. వచ్చే ఏడాది మన యూనియన్ అవన్నీ ఒకచోట చేర్చగలిగితే, మన కళాశాల గ్రంథాలయంలో పుస్తకాల సరసన పాటల బీరువా ఒకటి వెలుస్తుంది.