తుపాకి పాఠం ఏ భాషలో?

గత నెలలో ఒక మధ్యాహ్నం గురుగ్రామ్‌లోని ఒక బ్యాంకు శాఖకు వెళ్లాను. మెట్ల దగ్గర యూనిఫాం వేసుకున్న పాతికేళ్ల కుర్రాడు డబుల్ బ్యారెల్ తుపాకి మూతిని తన బూటు మీదే ఆనించి నిలబడి ఉన్నాడు. ఊరడిగితే బరంపురం అన్నాడు. గంజాం జిల్లా వాళ్లకు తెలుగు కొత్త కాదు కనుక మాటలు తెలుగులోకి మారాయి. ఆ తుపాకి అతనిది కాదు. గన్‌మ్యాన్ భోజనానికి వెళ్తూ పట్టుకోమని ఇచ్చాడట. ‘లోపల తూటాలున్నాయా తమ్ముడూ?’ అని అడిగాను. ‘తెలీదు సార్. దేన్నీ కదపొద్దన్నాడు’ అని జవాబు. కాసేపటికి గన్‌మ్యాన్ వచ్చి, నా అనుమానం గమనించి తుపాకి విరిచి చూపించాడు. రెండు గొట్టాల్లోనూ తూటాలున్నాయి.

శిక్షణ ఇచ్చారా అంటే ఇచ్చారన్నాడు. చెప్పింది హిందీలో, చేతికిచ్చిన కాగితం ఇంగ్లీషులో, కింద అతని సంతకం. అతను చదువుకున్నది ఒడియాలో.

లైసెన్సుదారు ఎదుట లేకుండా, అతని రాతపూర్వక అనుమతి కూడా లేకుండా మరొకరు తుపాకి పట్టుకోవడం ఆయుధాల చట్టం ప్రకారం నేరం. 2019 సవరణ తర్వాత లైసెన్సు లేని తుపాకికి కనీస శిక్షే రెండేళ్లు. స్నేహితుడికి సాయం చేస్తున్నాననుకుంటున్న ఆ కుర్రాడు ఒకేసారి జైలుకూ, ఆస్పత్రికీ అంగుళం దూరంలో ఉన్నాడు. ఆ సంగతి అతనికి అర్థమయ్యే మాటల్లో ఎవరూ చెప్పలేదు.

మన నిబంధనలు శిక్షణను మరచిపోయాయని అనలేం. 2016 ఆయుధాల నియమావళి లైసెన్సు కోరేవారికి భద్రతా శిక్షణను తప్పనిసరి చేసింది. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల కోసం కేంద్రం 2006లో తెచ్చిన నమూనా నియమాలు 100 గంటల తరగతి, 60 గంటల క్షేత్ర శిక్షణ ఉండాలన్నాయి. చదవడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ పాఠ్యాంశాల్లో ఆయుధాల వాడకం ఐచ్ఛికం. గుర్తింపు పత్రాలు, ఆయుధ లైసెన్సుల మీద కనిపించే ఇంగ్లీషు అక్షరాలు చదవగలగడం మాత్రం శిక్షణలో భాగం. అంటే గార్డు లైసెన్సును చదవగలగాలి, తుపాకిని చదవగలగనక్కర్లేదు! చేతిలో తుపాకి లేనివాడికి ఆ పాఠం అనవసరమని నియమాలు రాసినవారు అనుకొని ఉంటారు. భోజన విరామం వాళ్లకు గుర్తొచ్చినట్లు లేదు.

భాష ఇక్కడ అలంకారం కాదు. ‘మ్యాగజైన్’ అంటే మనకు పత్రిక. ‘చాంబర్’ అంటే అధికారి గది. ‘క్లియర్’ అంటే అర్థమైందా అని అడగడం. శిక్షకుడి భాషలో అదే మాటకు తుపాకిలో తూటా లేదని కళ్లతో చూసి నిర్ధారించుకోవడమని అర్థం. మ్యాగజైన్ తీసేస్తే తుపాకి ఖాళీ అయిందనుకోవడం కొత్తవాళ్లు చేసే ప్రాణాంతకమైన పొరపాటు. చాంబర్‌లో ఒక తూటా మిగిలే ఉండవచ్చు. ఇది ఒక్కమాటలో తేలే విషయం కాదు. విడమరచి చెప్పాలి, మళ్లీ అతని నోటితో చెప్పించుకోవాలి. ‘తుపాకి విరువు, రెండు గొట్టాల్లోంచి అవతలి వెలుతురు కనిపిస్తే తప్ప ఖాళీ అనుకోకు’ అని ఒడియాలోనో తెలుగులోనో చెప్పడానికి అర నిమిషం పట్టదు.

దళాల్లోనూ ఇదే చిక్కు వేరే రూపంలో ఉంది. కేంద్ర సాయుధ పోలీసు దళాల కానిస్టేబుల్ పరీక్షను 2024 ఫిబ్రవరి, మార్చి నెలల్లో తొలిసారి తెలుగు సహా 13 ప్రాంతీయ భాషల్లో నిర్వహించారు. దాదాపు 48 లక్షల మంది అభ్యర్థులకు సంబంధించిన నిర్ణయం అది, మంచి నిర్ణయం. అయితే తెలుగులో పరీక్ష రాసి ఎంపికైన శ్రీకాకుళం కుర్రాడు శిక్షణ మైదానంలో అడుగుపెట్టగానే వినేది ‘భర్’, ‘ఖాలీ కర్’. ఆజ్ఞలు ఒకే భాషలో ఉండాలన్న వాదనతో నాకు పేచీ లేదు. కాల్పుల మధ్య అనువాదానికి తీరిక ఉండదు. ఆజ్ఞ వేరు, వివరణ వేరు. గూర్ఖా రెజిమెంట్లలో చేరే అధికారి ఏ రాష్ట్రం వాడైనా గూర్ఖాలీ నేర్చుకుంటాడు. జవాను భాష తెలియకుండా జవానును నడిపించలేమని మన సైన్యానికి తెలుసు.

అమెరికాలో వృత్తి భద్రతా సంస్థ ‘ఓషా’ 2010లోనే ఒక విధాన ప్రకటన చేసింది. కార్మికుడికి అర్థమయ్యే భాషలో, అతనికి తెలిసిన మాటల్లో ఇవ్వని శిక్షణను శిక్షణగా లెక్కించరాదన్నది దాని సారాంశం. తుపాకి కొనేవారికి కాలిఫోర్నియా పెట్టే భద్రతా పరీక్షకు పాఠ్యపుస్తకం స్పానిష్‌లోనూ దొరుకుతుంది. ఇంగ్లీషు వస్తే చాలని కూడా అనుకోవద్దు. 2024 నవంబరులో అట్లాంటాలో తుపాకి శుభ్రం చేస్తుండగా పేలి ఒక తెలంగాణ విద్యార్థి చనిపోయాడు. అతను ఇంగ్లీషులో చదువుకుంటున్నవాడే. భాష తెలియడంతో పని పూర్తికాదు, తెలియకపోతే మాత్రం పని మొదలే కాదు.

గార్డులు ఉద్యోగాలు మారుతూనే ఉంటారు, ఇన్ని భాషల్లో శిక్షణ ఎక్కడ ఇస్తామని ఏజెన్సీలు అంటాయి. పూర్తి కోర్సు ఎవరూ అడగడం లేదు. బొమ్మలతో ఒక పేజీ, అరగంట మాట్లాడే ఒక మనిషి చాలు. గురుగ్రామ్‌లో పనిచేసే గార్డులు ఎక్కువగా బిహార్, ఒడిశా, బెంగాల్, అస్సాం నుంచి వచ్చినవారే. వాళ్ల భాషలు వచ్చిన మాజీ సైనికులను వెతకడం ఈ జిల్లాలో అంత కష్టమా? మానేసర్‌లో ఎన్‌ఎస్‌జీ, కాదర్‌పూర్‌లో సీఆర్‌పీఎఫ్ అకాడమీ ఉన్న జిల్లా ఇది.

కొత్త చట్టం కూడా అక్కర్లేదు. ఏజెన్సీల లైసెన్సును ఐదేళ్లకోసారి రాష్ట్ర నియంత్రణాధికారి పునరుద్ధరించాలి. అప్పుడు ప్రతి గార్డు శిక్షణ పత్రంలోనూ ‘ఏ భాషలో చెప్పారు’ అనే గడి ఒకటి ఉందా అని అడగవచ్చు. గార్డుల్లో నలుగురిని పిలిచి, ఖాళీ తుపాకి చేతికిచ్చి, ఇది ఖాళీయేనని ఎలా తెలుసుకుంటావో చెప్పమనవచ్చు. వాళ్ల భాషలోనే.