పగడాలు ఇంటి తొట్టెల్లోకి వద్దు: గరివిడి, చీపురుపల్లి వాసులకు విజ్ఞప్తి

రంగు చేపల తొట్టె ఇప్పుడు మన ఇళ్లల్లో కొత్త వింతేమీ కాదు. గోల్డ్‌ఫిష్‌తో మొదలుపెట్టినవారిలో కొందరి మనసు కొన్నాళ్లకు సముద్రం వైపు మళ్లుతుంది. అప్పుడే ఒక మాట వాళ్ల చెవిన పడుతుంది: వెలుతురు అక్కర్లేని పగడాలున్నాయట, ఖరీదైన లైట్లు కొనే పనే లేదట! ఇందులో సగమే నిజం. మిగతా సగం తెలియక ఎవరూ ఒక ప్రాణిని ఇంటికి తెచ్చి చంపుకోకూడదని ఈ కరపత్రం.

పగడం రాయి కాదు, జంతువు. చాలా పగడాల ఒంట్లో కంటికి కనబడని నాచు కాపురముంటుంది. ఎండ తగిలితే ఆ నాచు వండిపెట్టే తిండే పగడానికి ప్రధానాహారం. సన్ కోరల్ అని పిలిచే ట్యూబాస్ట్రియా, డెండ్రోనెఫ్థియా అనే మెత్తని పగడం, ఎన్నో రకాల సీ ఫ్యాన్లు ఆ నాచు లేకుండానే బతుకుతాయి. వాటి తిండి ప్రవాహంలో కొట్టుకొచ్చే చిన్నచిన్న జీవులే. లైటు ఖర్చు తప్పిన చోట తిండి బాధ్యత మొత్తం యజమాని నెత్తిన పడుతుందన్నమాట.

సన్ కోరల్‌కు మేత పెట్టడం చూస్తే సంగతి అర్థమవుతుంది. పగలు అది ముడుచుకుని నారింజ రంగు గిన్నెల గుత్తిలా ఉంటుంది. చీకటి పడ్డాక, నీళ్లలో తిండి వాసన తగిలితే ఒక్కో గిన్నెలోంచి పసుపుపచ్చని వేళ్లలాంటి స్పర్శకాలు మెల్లగా బయటికొస్తాయి. సన్నని గొట్టంతో చిన్న రొయ్యపిల్లను అందిస్తే వేళ్లు దాన్ని పట్టి నడిమి నోట్లోకి లాక్కుంటాయి. గుత్తిలో ముప్పై నోళ్లుంటే ముప్పైకీ విడివిడిగా పెట్టాలి. వారానికి కొన్నిసార్లు, ఏళ్ల తరబడి. ఈలోగా చేపలు ఎత్తుకుపోకుండా, కోసిన ప్లాస్టిక్ సీసాను గుత్తిపై బోర్లించేవాళ్లున్నారు. పట్టించుకోకపోతే వెంటనే చావదు. గిన్నెల మధ్య కండ కరిగి తెల్లటి ఎముక బయటపడుతూ నెలల తరబడి ఆకలితో చస్తుంది. చూసేవాళ్లకు మాత్రం మొదట్లో బాగానే ఉన్నట్టు కనబడుతుంది. డెండ్రోనెఫ్థియా మరీ కష్టం. దానికి నీటిలోని సూక్ష్మ నాచు దాదాపు ఎడతెగకుండా అందుతూ ఉండాలి. అనుభవజ్ఞుల తొట్టెల్లోనూ అది నిలవడం అరుదు.

ఇదే ట్యూబాస్ట్రియా సముద్రంలో ఎంత మొండిదో చెప్పాలి. 1980ల చివర బ్రెజిల్ తీరంలోని చమురు వేదికల మీద కనబడిన ఈ పగడం, ఆ తర్వాత అక్కడి రాతి తీరాలను ఆక్రమించి స్థానిక జీవులకు ముప్పుగా మారింది. అంతటి జీవి తొట్టెలో నశిస్తోందంటే లోపం పగడానిది కాదు.

తిండి ఎక్కువైతే నీళ్లు పాడవుతాయి. నైట్రేటు, ఫాస్ఫేటు పేరుకుంటాయి. 200 లీటర్ల తొట్టె ఒక్కసారి నింపాలంటే లీటరుకు 35 గ్రాముల చొప్పున 7 కిలోల ప్రత్యేక లవణం కావాలి. ఆపైన వారం వారం కొంత నీరు మార్చాలి. నౌపడ మడుల ఉప్పు పోస్తే సరిపోదు. మడుల్లో పండేది ప్రధానంగా సోడియం క్లోరైడ్, పగడానికి కాల్షియం, మెగ్నీషియం కూడా తగుపాళ్లలో ఉండాలి. పోనీ చింతపల్లి తీరం నుంచి సముద్రపు నీళ్లే తెద్దామంటే, వానాకాలంలో చంపావతి వంటి నదుల వరద కలిసి తీరంలో ఉప్పదనం పడిపోతుంది. తొట్టె నీళ్లు 24-26 డిగ్రీల దగ్గర ఉండాలి. గరివిడి మే నెలలో చిల్లర్ యంత్రం లేకుండా అది కుదరదు. రాత్రి కరెంటు పోతే ప్రవాహం, చల్లదనం రెండూ ఒకేసారి ఆగిపోతాయి.

అన్నిటికీ మించి చట్టముంది. 2001 జులై 11న కేంద్రం రాతి పగడాలన్నిటినీ, నల్ల పగడాలను, సీ ఫ్యాన్లను, ఫైర్ కోరల్, ఆర్గన్ పైప్ కోరల్‌లను వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని మొదటి షెడ్యూలులో చేర్చింది. పులి ఉన్నదీ ఆ షెడ్యూలులోనే. శాస్త్రం ప్రకారం సన్ కోరల్ కూడా రాతి పగడమే. ఉల్లంఘిస్తే 3 నుంచి 7 ఏళ్ల జైలు, 2022 సవరణ తర్వాత కనీసం 25 వేల రూపాయల జరిమానా. ఆ జాబితాలో మెత్తని పగడాల పేరు లేదు. అంతమాత్రాన వాటిని ఆకలికి చంపే హక్కు ఎవరికీ రాదు.

అలాగని పిల్లలు పగడాన్ని పుస్తకంలో బొమ్మగానే చూడాలా? అక్కర్లేదు. గరివిడిలో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన పశువైద్య కళాశాల ఉంది. విద్య, పరిశోధనల కోసం ప్రత్యేక అనుమతి పొందే మార్గాన్ని అదే చట్టం 12వ సెక్షన్ ఇస్తోంది. విశాఖలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం సలహాతో, చట్టప్రకారం కావాల్సిన అనుమతులతో కళాశాలలో ఒక్క తొట్టె పెట్టవచ్చు. మేత వేళ సాయంత్రాలు బడిపిల్లలను రానివ్వాలి. విద్యార్థులు వంతులవారీగా మేపుతారు, నీటి లెక్కలు రాస్తారు. పది ఇళ్లలో పది గుత్తులు చచ్చేకంటే ఇది వెయ్యిరెట్లు మేలు.

సముద్రపు తొట్టె మీద మోజు తీరనివారికీ దారుంది. క్లౌన్ చేపలను హేచరీలో పుట్టించే విధానాన్ని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఎప్పుడో అభివృద్ధి చేసింది. హేచరీ చేపపిల్లలు, కృత్రిమ రాళ్లు చాలు, ఇల్లు కళకళలాడుతుంది.

కాబట్టి మనవి. విశ్వవిద్యాలయ అధికారులు కళాశాల తొట్టె ప్రతిపాదనను పరిశీలించాలి. దుకాణదారులు ప్రతి సముద్ర జీవి ఎక్కడిదో బిల్లు మీద రాసివ్వాలి. కొనేవారు ఆ బిల్లు అడగాలి. ఎవరైనా బతికున్న పగడం అమ్మజూపితే కొనకండి, ఫారెస్ట్ రేంజ్ ఆఫీసులో చెప్పండి.