కట్టకు ఆవలి వైపు

సెలవు దొరికితే చాలు, చెల్పూరు విద్యుత్కేంద్రం వైపు నుంచీ, వరంగల్లు నుంచీ సంసారాలు పిల్లాజెల్లాతో రామప్పకు బయలుదేరుతాయి. గుడి చూడడం, పులిహోర పొట్లాలు విప్పడం, చెరువులో పడవ యెక్కడం. మంచి విహారమే! అయితే అందరూ నీటివైపే చూస్తారు. కట్ట దిగి వెనుకవైపు చూసేవారు అరుదు.

గుడిని 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడు. 2021లో అది ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. చెరువూ కాకతీయుల నాటిదే. దానికి ఆ కీర్తి లేదు గాని, నేటికీ పొలాలకు నీరిస్తూనే వున్నది.

మట్టికట్టకు ముసలితనం లోపలినుంచి వస్తుంది. కట్టమీది చెట్టు చచ్చి వేరు కుళ్లితే అక్కడ బొక్క. పందికొక్కు తవ్వితే మరొకటి. కట్ట అడుగున కాస్త చెమ్మ వింతేమీ కాదు. వూరే నీరు తేటగా వున్నంతకాలం కనిపెట్టి వుండాలి. బురదరంగు తిరిగిందా, లోపలి మట్టి కొట్టుకువస్తున్నదన్నమాట. ఆ క్షణమే ఇంజనీర్లకు కబురు పోవాలి, తెల్లవారనిద్దామంటే కుదరదు. వెనుక వూళ్లలో దీన్ని కనిపెట్టడానికి నీరటికాడు వుండేవాడు. పెద్ద ఆనకట్టలను వానకాలానికి ముందూ వెనుకా తనిఖీ చేయాలని 2021 నాటి చట్టం చెబుతున్నది. చట్టం మంచిదే. కాని జోరువానలో అర్ధరాత్రి లాంతరు పట్టుకుని కట్టమీద నడిచే మనిషి వేరు గదా!

మత్తడి సంగతి మరీ ముఖ్యం. మిగులు నీటికి అదే దారి. చేపలు పోకుండా కొందరు కంపలు అడ్డం వేస్తారు. నాలుగు మడులు ఎక్కువ పారతాయని మరికొందరు రాళ్లు పేర్చి ఎత్తు పెంచుతారు. మత్తడి మూసుకుని నీరు కట్టమీదుగా పొర్లితే, మట్టి కోసుకుపోవడానికి పూటైనా పట్టదు.

వాన ఎంతలో ఎంతవుతుందో 2023 జూలైలో ఈ ప్రాంతం చూసింది. 27వ తేదీ ఉదయానికి ఒక్క రోజులో లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. అది రామప్ప వున్న వెంకటాపురం మండలమే! అదే వేకువన భూపాలపల్లి దగ్గర మోరంచవాగు మోరంచపల్లిని ముంచెత్తింది. జనం మిద్దెలెక్కి అరిచారు. హెలికాప్టర్లు వచ్చేలోగా కొందరు కొట్టుకుపోయారు.

ఈసారి వెళ్లినప్పుడు పడవ యెక్కేముందు పిల్లలకు కట్ట ఆవలి వైపు కూడా చూపించండి. బురదనీరు కనిపిస్తే అక్కడి సిబ్బందితో చెప్పండి, విసుక్కున్నా సరే. మత్తడి దూకుతుంటే మాత్రం ఫొటో కోసం దిగకండి. ఆ రాయికి నాచు పట్టి వుంటుంది.