పూల పెళ్ళికి పురోహితుడు

మన్మథుడి అయిదు బాణాల్లో మామిడిపువ్వు ఒకటి. పాఠంలో ఆ మాట వచ్చినప్పుడల్లా నాకు మా నగరి చుట్టుపట్ల తోటలు మనసులో మెదులుతాయి. పుష్యమాసంలో కొండల కింద చెట్లు ఆకు కనిపించకుండా పూస్తాయి. కవులు కోకిలకూ, తుమ్మెదకూ పెద్దపీట వేశారు. బాగానే వుంది. కాని ఆ పూతను కాయగా మార్చేదెవరు?

ఒక పూగుత్తి చేతిలోకి తీసుకుని చూడండి. వందలు, ఒక్కొక్కప్పుడు వేలు పువ్వులుంటాయి. చాలామట్టుకు మగపువ్వులే, వాటిలో కాయకట్టే అండాశయం వుండదు. మిగిలినవాటిలో ఆడా, మగా రెండు భాగాలూ వుంటాయి. నడుమనున్న చిన్న ఉండే అండాశయం. దాని పక్కనుంచి లేచిన సన్నని కాడ కీలం. కేసరాలు అయిదున్నా, పుప్పొడి యిచ్చేది సాధారణంగా ఒక్కటే! ఆ పుప్పొడి జిగటగా వుంటుంది కనుక గాలికి అంతగా ఎగరదు. ఎవరో మోసుకొచ్చి కీలం కొనమీద పెట్టాలి.

అక్కడ పుప్పొడి రేణువు మొలకెత్తి, సన్నని గొట్టమై అండాశయంలోకి దిగుతుంది. దానివెంట రెండు పురుషబీజాలు వస్తాయి. ఒకటి అండంతో కలిసి పిండమవుతుంది; రెండోది ఆ పిండానికి ఆహారం సమకూర్చే భాగాన్ని పుట్టిస్తుంది. పూలమొక్కల్లోని యీ జంట కలయికను 1898లో రష్యా శాస్త్రజ్ఞుడు నవాషిన్ లిల్లీ జాతి మొక్కల్లో కనిపెట్టాడు. తరవాత అండాశయపు గోడే తొక్కా, గుజ్జూ, టెంకా అవుతుంది. లోపలి జీడి విత్తనం. కార్ఖానాకు పోయే బెంగుళూరా అయినా, యింట్లో కోసుకునే నీలం అయినా పుట్టుక యిదే.

ఇంతకీ యీ పెళ్ళికి పురోహితుడెవరంటారా? ముఖ్యంగా మనం విసనకర్రతో తోలే ఈగ! తేనెటీగలూ, చీమలూ వచ్చినా పెత్తనం దానిదే.

“పూత చూసి మురిస్తే ఎట్లా సారూ, పిందె నిలిస్తే గదా!” అన్నాడొక రైతు. నిజమే. గుత్తికి ఒకటి రెండు కాయలు పక్వానికొస్తే అదే పదివేలు. ఆ భయంతోనే తేనెమంచు పురుగు కనబడగానే కొందరు నిండుపూత మీద మందు కొడతారు. పురుగుతో పాటు పురోహితుడూ పోతాడు! పూలు విచ్చకముందు ఒకసారి, పిందె కట్టాక మరొకసారి కొట్టమని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెబుతారు. ఆ నడుమ ఓర్పు పడితేనే కూతురి పెళ్ళికీ, కొడుకు చదువుకూ ఆధారమైన పంట చేతికొస్తుంది.

వేసవిలో పండు కోసేటప్పుడు ఈగను తోలండి, తప్పులేదు. పూతమీద వాలినప్పుడు మాత్రం దాని పని దాన్ని చేసుకోనివ్వండి.